పొగ ఎవరి పద్దులో? సాలూరు లారీ రవాణా – కంపెనీల కర్బన పాదముద్ర కొలత: చారిత్రక పరిశీలన

వ్యాస సంక్షిప్తి

ఒక కంపెనీ కార్యకలాపాల వల్ల వాతావరణంలోకి చేరే హరితగృహ వాయువుల మొత్తాన్ని ఆ కంపెనీ కర్బన పాదముద్ర అంటున్నారు. ఈ లెక్క మొదట కర్మాగారం ప్రహరీ లోపలి కొలిమికి, బాయిలరుకు పరిమితమై ఉండేది. క్రమంగా అది ప్రహరీ దాటి ముడిసరుకు తెచ్చే దారినీ, తయారైన సరుకు వెళ్లే దారినీ చేరింది. ఉత్తరాంధ్ర మైదానాన్ని కోరాపుట్ పీఠభూమితో కలిపే ఘాటీ దారి మొదట్లో ఉన్న సాలూరు అటువంటి దారి మీద బతికిన పట్టణం. పెరికెద్దుల కాలం నుంచి లారీల కాలం దాకా ఆ దారి చరిత్రనూ, కర్బన పద్దు చరిత్రనూ ఒకచోట చేర్చి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. కంపెనీ నివేదికలో సగటు అంకెగా మారే లారీ పొగకు అసలైన కొలత చిన్న యజమాని ట్రిప్పు లెక్కలో ఉందనీ, ఆ లెక్కను పక్కన పెట్టిన కొలత నిజమైన తగ్గింపును గుర్తించలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సాలూరు, లారీ రవాణా, కర్బన పాదముద్ర, ఉద్గారాల లెక్క, ఘాటీ రోడ్డు, ట్రిప్పు షీటు.

1. ఉపోద్ఘాతం

సాలూరు వేగావతి నది ఒడ్డున, తూర్పు కనుమల పాదాల దగ్గర ఉన్న పట్టణం. ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా ఊరి బతుకుతెరువు మాత్రం దారినే నమ్ముకుని సాగింది. లారీలు, వాటికి బాడీలు కట్టే షెడ్లు, మెకానిక్కులు, టైర్ల దుకాణాలు, కిరాయిలు కుదిర్చే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు సాలూరుకు ఉత్తరాంధ్రలో ప్రత్యేకమైన గుర్తింపు తెచ్చాయి.

కర్బన పాదముద్రపై వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం పెద్ద కంపెనీని కేంద్రంగా చేసుకున్నవి. విద్యుత్తు, బొగ్గు, కొలిమి, చిమ్నీ వాటిలో ప్రధాన పాత్రలు. సరుకు మోసిన లారీ ఒక పట్టికలో ఒక వరుసగా మాత్రమే కనిపిస్తుంది. ఆ వరుసలోని అంకె ఎలా పుట్టింది, దాన్ని పుట్టించిన చరిత్ర ఏమిటి, అది తగ్గితే ఎవరికి లాభం, తగ్గించే ఖర్చు ఎవరిది అనే ప్రశ్నలు అరుదుగా వస్తాయి. ఆ ప్రశ్నలను సాలూరు వైపు నుంచి చూడడానికి ముందు ఆ దారి ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలి.

2. ఘాటీ దారి: పెరికెద్దుల నుంచి లారీల దాకా

సాలూరు సముద్రమట్టానికి వంద మీటర్లకు కాస్త ఎగువన ఉంది. పాచిపెంట మీదుగా కొండ ఎక్కి, సుంకి, పొట్టంగి, సెమిలిగుడ దాటి చేరే కోరాపుట్ పీఠభూమి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పైన ధాన్యం, నూనెగింజలు, అటవీ ఉత్పత్తులు. కింద సముద్రపు ఉప్పు, బట్ట, లోహపు సామాను. ఈ రెండు ప్రాంతాల అవసరాలే దారిని కల్పించాయి. బండ్లు నడిచే రోడ్డు పడకముందు ఉప్పు, ధాన్యం పెరికెద్దుల మీద కొండలు దాటేవి. బంజారా వర్తకుల ఎద్దుల మందలు ఈ రవాణాకు ఆధారం.

1863లో జయపురం జమీందారీలో బ్రిటిషు ప్రభుత్వం నేరుగా మేజిస్ట్రేటును, పోలీసులను నియమించడంతో ఈ దారికి కొత్త ప్రాముఖ్యం వచ్చింది. మైదానం నుంచి పీఠభూమికి అధికారులు, సామగ్రి చేరడానికి చక్రాలు నడిచే ఘాటీ రోడ్డు అవసరమైంది. 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ సంకలనం చేసిన విశాఖపట్నం జిల్లా గెజెటీరు కాలానికి ఏజెన్సీ రోడ్లు, ఘాటీలు జిల్లా పాలనలో ముఖ్యమైన విషయాలుగా స్థిరపడ్డాయి.

రైలు కూడా సాలూరు దాకానే వచ్చింది. విజయనగరం – పార్వతీపురం మార్గం 1908–09లో ప్రారంభమైంది. ఆ మార్గంలోని బొబ్బిలి నుంచి సాలూరుకు శాఖామార్గం 1913లో ఏర్పడింది. ప్రధాన మార్గం పార్వతీపురం, రాయగడల మీదుగా 1931లో రాయపూర్ చేరింది. సాలూరు శాఖ మాత్రం కొండ ఎక్కలేదు. పట్టాలు ఆగిన చోట బండి, ఆ తరువాత మోటారు అందుకున్నాయి. సరుకు ఒక వాహనం నుంచి మరొక వాహనానికి మారే చోట వర్తకం, కూలి, మరమ్మతు, అప్పు అన్నీ పోగవుతాయి. సాలూరు రవాణా పట్టణం కావడానికి ఇది ఒక మూలకారణం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి జయపురం ప్రాంతం అందులో చేరడంతో సాలూరు రాష్ట్ర సరిహద్దు పట్టణమైంది. స్వాతంత్ర్యానంతరం పీఠభూమిలో జరిగిన ప్రతి పెద్ద నిర్మాణమూ ఈ దారిపై సరుకును పెంచింది. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు తూర్పు బెంగాల్ శరణార్థులకు కోరాపుట్, బస్తర్ ప్రాంతాల్లో పునరావాసం కల్పించింది. 1960లలో సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం వచ్చింది. 1981లో ఏర్పడిన నేషనల్ అల్యూమినియం కంపెనీ – నాల్కో – దామన్‌జోడిలో అల్యూమినా శుద్ధి కర్మాగారాన్ని నెలకొల్పింది. రాయపూర్ నుంచి జగదల్‌పూర్, జయపురం, కోరాపుట్, సాలూరుల మీదుగా విజయనగరం చేరే జాతీయ రహదారి చాలాకాలం 43వ నంబరుతో ప్రసిద్ధం. 2010లో జరిగిన నంబర్ల మార్పు తరువాత సాలూరు మీదుగా పోయే భాగం 26వ నంబరు రహదారి అయింది.

ఇక్కడ ఒక విభజన గమనించదగినది. ఒకే రకమైన, భారీ పరిమాణంలో కదిలే ఖనిజం రైలు పాలైంది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో కట్టిన కొత్తవలస – కిరండూల్ రైలుమార్గం, దామన్‌జోడి అల్యూమినాను విశాఖపట్నం ఓడరేవుకు చేర్చే రైళ్లు ఇందుకు ఉదాహరణలు. సిమెంటు, ఇనుము, ఎరువులు, ధాన్యం, యంత్రభాగాలు, దుకాణపు సరుకు వంటి చిల్లరగా విడిపోయే రవాణా లారీకి మిగిలింది. కొలవడానికి తేలికైన సరుకు రైలు దగ్గరా, కష్టమైన సరుకు లారీ దగ్గరా చేరాయి. కర్బన పద్దు వచ్చినప్పుడు ఈ తేడా ముఖ్యమైంది.

3. కర్బన పద్దు ప్రహరీ దాటిన క్రమం

హరితగృహ వాయువుల లెక్క మొదట దేశాల లెక్క. 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం, 1997 నాటి క్యోటో ఒడంబడిక దేశాలను పద్దు రాయమన్నాయి. దేశం పద్దుకు భౌగోళిక సరిహద్దు ఉంది. కంపెనీకి అటువంటి సరిహద్దు లేదు. ఒక కంపెనీ కర్మాగారం ఒకచోట, గని మరొకచోట, గిడ్డంగి ఇంకొకచోట ఉంటాయి. సరుకు మోసే బండి ఇతరులది. అందుకే కంపెనీ పద్దులో మొదటి సమస్య గీత ఎక్కడ గీయాలన్నది.

ప్రపంచ వనరుల సంస్థ, సుస్థిరాభివృద్ధి కోసం ఏర్పడిన ప్రపంచ వ్యాపార మండలి కలిసి 2001లో ప్రచురించిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ కార్పొరేట్ ప్రమాణం, 2004లో వచ్చిన దాని సవరించిన కూర్పు ఈ సమస్యకు మూడు పరిధులతో జవాబిచ్చాయి. కంపెనీ అధీనంలోని కొలిమి, బాయిలరు, వాహనాలలో నేరుగా మండే ఇంధనం స్కోప్ 1. కొన్న విద్యుత్తు, ఆవిరి తయారీలో వెలువడేది స్కోప్ 2. ముడిసరుకు మొదలుకొని వినియోగదారు వాడకం దాకా ఇతరుల చేతుల్లో జరిగే మిగతాదంతా స్కోప్ 3. 2006లో ఐఎస్‌ఓ 14064 ప్రమాణం ఈ లెక్కకు అంతర్జాతీయ రూపం ఇచ్చింది. 2011లో వచ్చిన ప్రత్యేక ప్రమాణం స్కోప్ 3ని పదిహేను వర్గాలుగా విడదీసింది. అందులో నాలుగోది, తొమ్మిదోది సరుకు రవాణాకు సంబంధించినవి. రవాణా లెక్కకే ప్రత్యేకించిన ఐఎస్‌ఓ 14083 ప్రమాణం 2023లో వెలువడింది.

భారతదేశంలో ఈ క్రమం ఇంధన పొదుపు నుంచి మొదలైంది. 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం కింద 2012లో ‘పాట్’ పథకం అమలులోకి వచ్చి అల్యూమినియం, ఉక్కు, సిమెంటు, కాగితం వంటి పరిశ్రమలకు ఇంధన వినియోగ లక్ష్యాలు పెట్టింది. సెబీ 2012లో పెద్ద లిస్టెడ్ కంపెనీలకు వ్యాపార బాధ్యత నివేదికను తప్పనిసరి చేసింది. 2021 మేలో దాని స్థానంలో విస్తృతమైన కొత్త నమూనాను ప్రకటించి, 2022–23 ఆర్థిక సంవత్సరం నుంచి మార్కెట్ విలువలో తొలి వెయ్యి కంపెనీలకు వర్తింపజేసింది. ఈ నమూనాలో స్కోప్ 1, స్కోప్ 2 తప్పక చెప్పవలసిన అంశాలు. స్కోప్ 3 స్వచ్ఛందం. 2022లో ఇంధన పరిరక్షణ చట్టానికి సవరణ, 2023 జూన్‌లో కర్బన క్రెడిట్ల వ్యాపార పథకం వచ్చాయి. లక్ష్యాలన్నీ ప్రధానంగా కర్మాగారానికే. దారి మీది పొగ ఇంకా కర్మాగారం గేటు బయటే ఉంది.

4. సొంత లారీ, కిరాయి లారీ

మూడు పరిధుల విభజన స్పష్టంగా కనిపించినా సాలూరు వంటి పట్టణం దగ్గరికి వచ్చేసరికి దాని లోపలి చిక్కు బయటపడుతుంది. ఒక కంపెనీ తన సొంత లారీలో సిమెంటు పంపితే ఆ డీజిలు స్కోప్ 1లో పడుతుంది. అదే సిమెంటును అదే దారిలో కిరాయి లారీలో పంపితే స్కోప్ 3లో పడుతుంది. కంపెనీ తన లారీలను అమ్మివేసి కిరాయికి మారిన ఏడాది, తప్పనిసరిగా చూపవలసిన స్కోప్ 1 అంకె తగ్గుతుంది. ఘాటీలో పొగ మాత్రం అంతే ఉంటుంది. ఉద్గారం తగ్గలేదు. పద్దు మారింది.

రవాణా వ్యాపారానికి ఈ రకమైన విభజన కొత్త కాదు. కిరాయి ముందే చెల్లిస్తే సరుకు రసీదు మీద ‘పెయిడ్’ అని, చేరిన చోట కొనుగోలుదారు చెల్లించవలసి ఉంటే ‘టు పే’ అని రాయడం ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో పాత పద్ధతి. అంతర్జాతీయ ప్రమాణం అనుసరించిన సూత్రం కూడా దాదాపు ఇదే. అమ్మిన కంపెనీ కిరాయి భరిస్తే ఆ ఉద్గారం దాని పద్దులో నాలుగో వర్గం. కొన్నవాడు భరిస్తే అమ్మిన కంపెనీకి అది తొమ్మిదో వర్గం, కొన్నవాడికి నాలుగో వర్గం. ఒకే లారీ పొగ ఇద్దరి పద్దుల్లో కనిపించవచ్చు. స్కోప్ 3 పద్దులను కలిపి కూడకూడదన్న నియమం ఇందువల్ల వచ్చింది.

సాలూరులో లారీ ఎక్కువగా కుటుంబ ఆస్తి. ఒకటి రెండు లారీల యజమాని, ఫైనాన్స్ కిస్తీలు, డ్రైవరు జీతం, బత్తా, టైర్లు, టోలు, బీమా – ఇది ఆ వృత్తి స్వరూపం. ఇది ఒక్క సాలూరు లక్షణం కాదు. దేశంలో సరుకు రవాణాలో దాదాపు 70 శాతం రోడ్డు మీదే సాగుతోందనీ, లారీ యజమానుల్లో అత్యధికులు ఐదు లారీలకు మించి లేనివారనీ విధాన పత్రాలు పదేపదే పేర్కొంటున్నాయి. పెద్ద కంపెనీ పద్దులోని ఒక వరుస వెనుక ఇటువంటి వేల కుటుంబాల లెక్కలు ఉన్నాయి.

5. మూడు కొలతలు, మూడు ఫలితాలు

కిరాయి లారీ ఉద్గారాన్ని కంపెనీ మూడు విధాలుగా లెక్కించవచ్చు. మొదటిది కాల్చిన డీజిలును బట్టి. రెండోది మోసిన బరువును, నడిచిన దూరాన్ని గుణించిన టన్ను–కిలోమీటర్లను బట్టి. మూడోది చెల్లించిన కిరాయి రూపాయలను బట్టి.

డీజిలు లెక్కకు రసాయనశాస్త్రం ఆధారం. లీటరు డీజిలు బరువు సుమారు 0.83 కిలోలు. అందులో కర్బనం దాదాపు 86–87 శాతం. ప్రతి 12 భాగాల కర్బనం మండి 44 భాగాల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. కనుక లీటరు డీజిలుకు సుమారు 2.65 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. చమురు తవ్వకం, శుద్ధి, సరఫరాల ఉద్గారం దీనికి అదనం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. పది టన్నుల సరుకుతో లారీ 300 కిలోమీటర్లు వెళ్లింది. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున 75 లీటర్లు కాలింది. వెలువడిన వాయువు సుమారు 199 కిలోలు. మూడు వేల టన్ను–కిలోమీటర్లకు పంచితే టన్ను–కిలోమీటరుకు 66 గ్రాములు. ఆ లారీ ఖాళీగా తిరిగి వచ్చి, లీటరుకు ఆరు కిలోమీటర్ల చొప్పున మరో 50 లీటర్లు కాల్చిందనుకుంటే మొత్తం 331 కిలోలు అవుతుంది. మోసిన సరుకు అంతే గనుక టన్ను–కిలోమీటరుకు 110 గ్రాములు పడుతుంది. తిరుగు ప్రయాణంలోనూ పది టన్నుల లోడు దొరికితే మొత్తం డీజిలు పెరిగినా టన్ను–కిలోమీటరుకు మళ్లీ 66 గ్రాములే. ఖాళీ తిరుగుడు అనే ఒక్క అంశం లెక్కను మూడింట రెండు వంతులు పెంచుతోంది. ఖాళీ ప్రయాణాలను కూడా లెక్కలోకి తీసుకోవాలని ఐఎస్‌ఓ 14083 చెప్పడానికి కారణం ఇదే.

సగటు గుణకంతో టన్ను–కిలోమీటర్లను లెక్కించే కంపెనీకి ఈ తేడా కనబడదు. రిటర్ను లోడు దొరికిన లారీకీ, ఖాళీగా వచ్చిన లారీకీ ఒకే అంకె పడుతుంది. రూపాయల లెక్కలో చిక్కు ఇంకా పెద్దది. కిరాయి 30,000 రూపాయల నుంచి 27,000 రూపాయలకు తగ్గితే నివేదికలో ఉద్గారం కూడా పది శాతం తగ్గుతుంది. కాలిన డీజిలులో ఒక్క లీటరు తేడా ఉండదు. 2014 అక్టోబరులో డీజిలు ధర నియంత్రణ తొలగిన తరువాత కిరాయి మీద ధరల ప్రభావం నేరుగా పడుతోంది. ధర పెరిగి కిరాయి పెరిగితే, ద్రవ్యోల్బణ సవరణ చేయని పద్దులో పొగ కూడా పెరిగినట్లు కనబడుతుంది. బేరమాడి కిరాయి తగ్గించిన కంపెనీ, యజమాని ఆదాయాన్ని తగ్గించి పర్యావరణానికి మేలు చేసినట్లు కాగితం మీద కనిపించగలదు. సాలూరు వంటి పట్టణానికి ఈ కొలత విషయంలో ఉన్న అసలు ప్రమాదం ఇది.

6. ఘాటీ చెప్పే లెక్క

సగటు గుణకాలు చదునైన నేలకూ కొండదారికీ తేడా చూపవు. సాలూరు నుంచి పీఠభూమికి ఎక్కవలసిన ఎత్తు సుమారు 750 మీటర్లు. లోడుతో కలిపి 16 టన్నుల బరువున్న లారీని అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి సుమారు 118 మెగాజౌళ్లు. ఇంజను ఇంధనశక్తిలో 38 శాతాన్ని చక్రాలకు అందించగలదనుకుంటే దీనికి దాదాపు 310 మెగాజౌళ్ల డీజిలు కావాలి. లీటరులో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అంటే ఎత్తు ఎక్కడానికే ఎనిమిదిన్నర లీటర్లకు పైగా ఖర్చవుతుంది. ఉద్గారం సుమారు 23 కిలోలు. మలుపుల దగ్గర ఆగడం, గేర్లు మార్చడం, ఎదురు బండికి దారి ఇవ్వడం వీటికి అదనం.

దిగేటప్పుడు ఈ శక్తి తిరిగి రాదు. బ్రేకుల వేడిగా, టైర్ల అరుగుదలగా పోతుంది. కొండ ఎక్కే దారికి డీజిలు వేరుగా, మైదానం దారికి వేరుగా లెక్కకట్టడం ఈ వృత్తిలో సహజమైన జ్ఞానం. మైదాన రహదారుల సగటుతో తయారైన గుణకం ఈ జ్ఞానాన్ని తుడిచివేస్తుంది. పీఠభూమిలోని కర్మాగారం రవాణా పద్దు వాస్తవం కంటే తక్కువగా నమోదయ్యే అవకాశం ఇందులో ఉంది.

7. ట్రిప్పు షీటు: చరిత్రకూ కొలతకూ ఆధారం

కర్బన పాదముద్ర అనే పేరు రాకముందే లారీ యజమాని ఇంధనాన్ని కొలుస్తున్నాడు. ప్రతి ట్రిప్పు చివర డ్రైవరు ఇచ్చే లెక్కలో బయలుదేరిన, చేరిన తేదీలు, మీటరు రీడింగు, పోయించిన డీజిలు, బంకు బిల్లులు, బత్తా, టోలు, మామూలు ఖర్చులు ఉంటాయి. కాటా చీటీ బరువును చెబుతుంది. సరుకు రసీదు ఎక్కడి నుంచి ఎక్కడికో చెబుతుంది. ఈ మూడింటినీ కలిపితే అంతర్జాతీయ ప్రమాణం అత్యుత్తమమని చెప్పే ప్రాథమిక దత్తాంశం సిద్ధంగా ఉన్నట్లే. మైలేజీ తగ్గితే యజమానికి అనుమానం వస్తుంది. ఇంజను చెడిందా, టైర్లలో గాలి తగ్గిందా, డీజిలు దారి మళ్లిందా అని ఆరా తీస్తాడు. లాభనష్టాల కోసం పుట్టిన ఈ శ్రద్ధ కర్బన లెక్కకు అక్షరాలా పనికివస్తుంది.

2018 ఏప్రిల్ నుంచి అంతర్రాష్ట్ర సరుకు రవాణాకు ఈ–వే బిల్లు తప్పనిసరి అయింది. అందులో వాహనం నంబరు, సరుకు వివరం, పంపిన, చేరిన స్థలాల పిన్‌కోడ్లు, దూరం ఉంటాయి. పన్ను కోసం ఏర్పడిన ఈ దస్త్రం దూరాన్ని నమ్మదగిన విధంగా ఇస్తుంది. కాలిన డీజిలును మాత్రం చెప్పదు. ఆ లోటును ట్రిప్పు షీటు ఒక్కటే పూరించగలదు.

అయినా ఈ ఆధారం కంపెనీ నివేదికదాకా చేరే దారి సన్నగిల్లింది. సెబీ 2023లో పెద్ద కంపెనీల విలువ గొలుసులోని భాగస్వాముల వివరాలు కూడా కోరింది. తరువాతి సవరణల్లో ఒక్కొక్కరుగా కొనుగోళ్లలో గాని, అమ్మకాల్లో గాని 2 శాతం లేదా అంతకు మించి ఉన్న భాగస్వాములకు దాన్ని పరిమితం చేసి, 2025–26 నుంచి స్వచ్ఛందంగా మార్చింది. చిన్న సంస్థల మీద కాగితాల భారం పడకూడదన్న ఆలోచన ఇందులో సమంజసమే. కానీ రెండు లారీల యజమాని ఏ పెద్ద కంపెనీ కొనుగోళ్లలోనూ 2 శాతానికి చేరడు. వేలమంది కలిసి మోసిన సరుకు పెద్దది. విడివిడిగా ఏ ఒక్కరూ లెక్కలోకి రారు. గీత గీసిన తీరువల్లనే సాలూరు కనిపించకుండా పోతుంది.

చరిత్ర పరిశోధకులకు కూడా ఈ ట్రిప్పు షీట్లు విలువైనవి. రైల్వే, ఓడరేవు, గని వంటి సంస్థలు నివేదికలను భద్రపరుస్తాయి. లారీ కుటుంబాల పుస్తకాలు ఆదాయపు పన్ను గడువు తీరగానే చెత్తలో కలుస్తాయి. ఉత్తరాంధ్ర రోడ్డు రవాణా గత అర్ధశతాబ్ది ఇంధన చరిత్రను రాయడానికి అవి మిగలవలసిన ఆధారాలు.

8. తగ్గింపు: పేరు లేని చరిత్ర, ఎవరి ఖర్చు?

ఇంధనాన్ని ఆదా చేసే ప్రయత్నం కూడా వాతావరణ చర్చ కంటే పాతది. 1973 చమురు సంక్షోభం తరువాత, 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం – పీసీఆర్‌ఏ – డ్రైవింగు అలవాట్లు, టైర్ల గాలి, ఇంజను సర్వీసు ద్వారా డీజిలు పొదుపును ప్రచారం చేసింది. ఆ సూచనలకు కారణం విదేశీ మారకద్రవ్యం. ఫలితం మాత్రం ఉద్గారం తగ్గడమే.

తరువాతి మార్పుల ఫలితం ఒక్క తీరుగా లేదు. 2010, 2017, 2020 సంవత్సరాల్లో దేశమంతటా వరుసగా అమలైన భారత్ స్టేజ్ మూడు, నాలుగు, ఆరు ప్రమాణాలు మసి, గంధకం, నత్రజని ఆక్సైడ్ల మీద దృష్టి పెట్టాయి. ఊపిరితిత్తులకు అవి మేలు చేశాయి. బొగ్గుపులుసు వాయువుకు వాటిలో హద్దు లేదు. 2017 జూలైలో వస్తుసేవల పన్నుతో రాష్ట్ర సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు తొలగడం వల్ల నిలిచిన బండి కాల్చే డీజిలు తగ్గింది. 2018 జూలైలో ఇరుసు బరువుల పరిమితి పెరిగి, రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16 టన్నుల స్థాయి నుంచి 18.5 టన్నులకు చేరింది. ఒక్కో ట్రిప్పులో ఎక్కువ సరుకు వెళ్లడం వల్ల టన్ను–కిలోమీటరు ఉద్గారం తగ్గుతుంది. అదే సమయంలో మార్కెట్లో మోసే సామర్థ్యం ఒక్కసారిగా పెరిగి, లోడు కోసం పోటీ పెరిగింది. కర్బన సామర్థ్యం పెరిగిన మార్పు చిన్న యజమాని బేరబలాన్ని తగ్గించగలదని ఈ ఉదంతం చూపుతుంది.

ఇప్పుడు చర్చలో ఉన్నది విద్యుత్తు లారీ. ఘాటీకి అది ప్రత్యేకంగా సరిపోయే అంశం ఒకటి ఉంది. దిగేటప్పుడు బ్రేకు వేయడం ద్వారా కొంత శక్తిని బ్యాటరీలోకి తిరిగి రాబట్టవచ్చు. పీఠభూమి నుంచి లోడుతో దిగే బండికి ఇది చెప్పుకోదగిన లాభం. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం పీఎం ఈ–డ్రైవ్ పథకం కింద విద్యుత్తు లారీలకు ప్రోత్సాహకం ప్రకటించింది. పాత లారీని తుక్కుకు ఇచ్చినట్లు చూపడం అందులో ఒక షరతు. కాని కొత్త విద్యుత్తు లారీ ధర డీజిలు లారీ ధర కంటే చాలా ఎక్కువ. దారిలో చార్జింగు కేంద్రం, బ్యాంకు అప్పు, మరమ్మతు నైపుణ్యం ఏకకాలంలో సమకూడకపోతే సబ్సిడీ పెద్ద రవాణా సంస్థలకే చేరుతుంది. డీజిలు ఇంజను మీద నేర్చిన మెకానిక్కు విద్యకు కొత్త చోటు చూపకపోతే నష్టం లారీ యజమాని దగ్గరే ఆగదు.

అందువల్ల తక్షణం సాధ్యమయ్యే తగ్గింపు రిటర్ను లోడులో, టైర్లలో, ఇంజను సంరక్షణలో, లోడింగు దగ్గర రోజుల తరబడి నిలబెట్టకపోవడంలో ఉంది. వీటిలో సగం యజమాని చేతిలో ఉన్నవి. మిగతా సగం సరుకు పంపే కంపెనీ చేతిలో ఉన్నవి. ఒక కంపెనీ దింపిన సరుకుకు దగ్గరలోనే మరొక కంపెనీ సరుకు బయలుదేరుతుంటే, రెండూ సమాచారం పంచుకోకపోవడం వల్ల లారీ ఖాళీగా నడుస్తుంది. ఆ పొగను లారీ యజమాని అసమర్థతగా లెక్కించడం న్యాయం కాదు.

9. ఉపసంహారం

సాలూరు దారి చరిత్రలో కొలత ఎప్పుడూ ఎవరో ఒకరి ప్రయోజనం కోసం పుట్టింది. పెరికె బరువు వర్తకుడి కోసం, రైలు టన్నులు రైల్వే ఆదాయం కోసం, ఈ–వే బిల్లు పన్ను కోసం, మైలేజీ యజమాని లాభం కోసం. కర్బన పద్దు కూడా కంపెనీ అవసరం కోసం, మదుపరుల కోసం, చట్టం కోసం పుట్టింది. అది వాతావరణానికి ఉపయోగపడాలంటే సరుకు మోసినవారి లెక్కతో కలవాలి.

ఈ పరిశీలనలో మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, పరిధుల విభజన వల్ల కిరాయి రవాణా కంపెనీ తప్పనిసరి పద్దు నుంచి జారిపోగలదు. రెండోది, రూపాయల లెక్కా, సగటు గుణకాలూ ఘాటీ ఎక్కుడునూ ఖాళీ తిరుగుడునూ దాచివేసి, కిరాయి తగ్గింపును ఉద్గార తగ్గింపుగా చూపగలవు. మూడోది, నిజమైన కొలతకు కావలసిన దత్తాంశం చిన్న యజమానుల ట్రిప్పు షీట్లలో ఉంది. దాన్ని సేకరించే శ్రమకు కిరాయిలో విలువ కట్టకుండా కోరడం వారి మీద ఇంకొక భారం మోపడమే.

లారీ యజమానుల సంఘాలు ఉమ్మడిగా ఇంధన లెక్కలను సంకలనం చేసి, సరుకు పంపే కంపెనీలకు రుసుముపై అందించే ఏర్పాటు ఒకటి ఆలోచించదగినది. విడిగా 2 శాతానికి చేరని యజమానులు సంఘంగా పద్దులో కనిపించగలరు. డీజిలు ఆదా చేసినవారికి ఆ ఆదాలో వాటా అడిగే ఆధారం వారికి దొరుకుతుంది. విశ్వవిద్యాలయాల చరిత్ర, అర్థశాస్త్ర, వాణిజ్య శాఖలు సాలూరు, బొబ్బిలి, జయపురం పట్టణాల లారీ కుటుంబాల ట్రిప్పు పుస్తకాలను సేకరించి భద్రపరిస్తే ఆ దారి ఇంధన చరిత్రకూ, రేపటి కర్బన పద్దుకూ ఒకే ఆధారం సమకూరుతుంది. ఆ పుస్తకాలు ఇంకా కొన్ని ఇళ్లలో మిగిలి ఉండగానే ఆ పని మొదలుకావాలి.